మోరిస్ మైనర్ 1959: పెయింట్ కొత్తది, వైరింగ్ కొత్తది, లైట్లు మాత్రం మసక

మైనర్59
అందరికీ నమస్కారం. నా కారు 1959 మోరిస్ మైనర్ 1000, 948 సీసీ ఇంజిన్. 12 వోల్టులు, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది, కరెంటు తిరిగి వెళ్ళే దారి బాడీయే), డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే పాతకాలపు జనరేటర్), అన్నీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి. బాడీ మొత్తం విప్పి, రేకు కనబడేదాకా గీకించి, ప్రైమర్ దగ్గర్నుంచి మళ్ళీ పెయింట్ వేయించాను. పాత వైరింగ్ మీద గుడ్డ పొర పొడిపొడిగా రాలిపోతుంటే దాన్నీ తీసేసి కొత్త హార్నెస్ (తీగల కట్ట) వేశాం.

పగలు చూస్తే కారు అద్దంలా ఉంటుంది. చీకటి పడితే బయటికి తీయాలంటే టెన్షన్. హెడ్‌లైట్లు రెండూ వెలుగుతాయి కానీ పసుపుపచ్చగా, నీరసంగా ఉంటాయి. కుడివైపుది మరీ అన్యాయం. వెనక ఎడమ లైటు సంగతి ఇంకా విచిత్రం. లైట్లు ఆపేసి బ్రేక్ తొక్కితే కుడివైపు బ్రేక్ లైటు బాగా వెలుగుతుంది, ఎడమవైపు మాత్రం టెయిల్ లైటంత వెలుతురే వస్తుంది. లైట్లు వేసి ఉంచి బ్రేక్ తొక్కితే ఎడమవైపు పూర్తిగా ఆరిపోతుంది! కాలు తీస్తే మళ్ళీ టెయిల్ లైటు వస్తుంది. వీటికి తోడు బల్బులు తరచుగా మాడిపోతున్నాయి.

వైరింగ్ కలర్ కోడ్ ప్రకారం రెండుసార్లు సరిచూశాం, తీగలన్నీ సరిగానే ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

స్పానర్12
బ్రదర్, కొత్త హార్నెస్‌ల నాణ్యత బాగా పడిపోయింది. లోపల తీగ సన్నగా ఉంటుంది, పైన ప్లాస్టిక్ మాత్రం లావుగా ఉంటుంది. హెడ్‌లైట్ తీగ ఒకటి విప్పి లోపల పోగులు చూడండి. అదే అనుకుంటున్నా.

రాగితీగ
హార్నెస్ మీదికి వెళ్ళేముందు ఆ ఎడమ లైటు ఏం చెబుతోందో వినండి. అది చాలా స్పష్టంగా మాట్లాడుతోంది.

ఆ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. బ్రేక్‌కి 21 వాట్లది, టెయిల్‌కి 6 వాట్లది. రెండింటికీ ఎర్త్ ఒక్కటే, అది బల్బు ఒళ్ళు. ఆ ఎర్త్ తెగిపోయిందనుకోండి. లైట్లు ఆపేసి బ్రేక్ తొక్కితే, బ్రేక్ ఫిలమెంట్ గుండా వెళ్ళిన కరెంటుకి బయటికి దారి లేదు. అది టెయిల్ ఫిలమెంట్‌లోంచి వెనక్కి, టెయిల్ లైట్లకి కరెంటు తెచ్చే ఎర్ర తీగలోకి పోయి, కుడి టెయిల్ లైటు, ముందు పార్కింగ్ లైట్లు, నంబర్ ప్లేట్ లైటు, వీటన్నిటి గుండా ఎర్త్ వెతుక్కుంటుంది. ఈ దారిలో అన్నిటికంటే ఎక్కువ నిరోధం ఆ ఎడమ 6 వాట్ల ఫిలమెంట్‌దే కాబట్టి వోల్టేజ్ దాదాపు అంతా దాని మీదే పడుతుంది. అందుకే టెయిల్ లైటంత వెలుతురు.

ఇప్పుడు లైట్లు వేశారు. ఈసారి టెయిల్ ఫిలమెంట్ కరెంటు బ్రేక్ ఫిలమెంట్‌లోంచి వెనక్కి వెళ్ళి కుడి బ్రేక్ బల్బు ద్వారా ఎర్త్ అవుతుంది. బ్రేక్ తొక్కగానే ఆ దారికి కూడా బ్యాటరీ వోల్టేజ్ వచ్చేస్తుంది. బల్బుకి రెండు కొసల్లోనూ ఒకటే వోల్టేజ్. ప్రవాహం లేదు, వెలుతురు లేదు.

కాబట్టి ఎడమ లైటు హోల్డర్‌కి ఎర్త్ లేదు. ఇది ఊహ కాదు, మీరు చెప్పిన రెండు లక్షణాలూ కలిసి వచ్చేది దీనివల్లే. ఒక తీగ తీసుకుని హోల్డర్ లోహానికి ఒక కొస, పెయింట్ లేని బాడీ లోహానికి ఇంకో కొస ఆనించి బ్రేక్ తొక్కండి. ఫలితం వెంటనే తెలుస్తుంది.

మైనర్59
రాగితీగ గారూ, తీగ ఆనించగానే రెండువైపులా సమానంగా వెలిగింది! కానీ హోల్డర్ కొత్తది, లైటు స్క్రూలు గట్టిగానే బిగించి ఉన్నాయి. ఎర్త్ ఎందుకు పోయింది?

డైనమో_ప్రియుడు
ఎందుకంటే మీ పెయింట్ బాగా వేశారు కాబట్టి.

మైనర్‌కి వెనక మడ్‌గార్డ్‌లు బాడీకి వెల్డ్ చేసి ఉండవు, బోల్టులతో బిగిస్తారు. మధ్యలో ప్లాస్టిక్ బీడింగ్ ఉంటుంది. టెయిల్ లైటు ఎర్త్ కావాలంటే కరెంటు హోల్డర్ నుంచి స్క్రూకి, స్క్రూ నుంచి మడ్‌గార్డ్ రేకుకి, అక్కడి నుంచి బోల్టుల ద్వారా బాడీకి చేరాలి. పాత కారులో ఈ అతుకులన్నీ ఒరుసుకుని ఎక్కడో ఓ చోట లోహం లోహానికి తగిలేది. ఇప్పుడు మడ్‌గార్డ్ అంచు, బోల్టు రంధ్రం లోపల, వాషర్ కింద, అన్నిచోట్లా ప్రైమరూ పెయింటూ పట్టి ఉన్నాయి. పెయింట్‌లోంచి కరెంటు పోదు. మీ ఎడమ మడ్‌గార్డ్ విద్యుత్తు లెక్కలో కారులో భాగమే కాదు.

రీస్టోర్ చేసిన కార్లలో నేను చూసిన లైట్ల సమస్యల్లో ఎక్కువ భాగం ఇదే. తుప్పు పట్టిన కారు వెలిగినంత బాగా మెరిసే కారు వెలగదు. మీ హెడ్‌లైట్ల మసక కూడా చాలావరకు ఇక్కడిదే అయ్యుంటుందని నా నమ్మకం. కానీ నమ్మకం మీద పానా పట్టుకోవద్దు, కొలిచి చూడండి.

స్పానర్12
ఎర్త్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఈయన ఎర్త్ తీగలు ఓమ్స్‌లో కొలిచి ఉంటారు కదా, సున్నా చూపించి ఉంటుంది కదా?

మైనర్59
అవును. హెడ్‌లైట్ల నల్ల తీగలు ముందు లోపలి ప్యానెల్‌కి బోల్టు వేశాం. మీటర్ పెడితే కుడివైపు 0.4 ఓమ్ చూపించింది. దాదాపు సున్నాయే కదా అని వదిలేశాను.

రాగితీగ
ఒక బల్బు 42 వాట్లు. 12 వోల్టుల మీద 3.5 ఆంపియర్లు. 0.4 ఓమ్‌ని 3.5తో గుణించండి, 1.4 వోల్టులు. మీటర్‌కి దాదాపు సున్నాగా కనిపించింది బల్బుకి పెద్ద గోడ. చిన్న నిరోధాలు కొలవడానికి మామూలు మల్టీమీటర్ పనికిరాదు, దాని తీగల నిరోధమే కొన్నిసార్లు అంత ఉంటుంది.

అలాగే బల్బు తీసేసి హోల్డర్ దగ్గర వోల్టేజ్ కొలిచి “12 వస్తోంది, తీగ బాగుంది” అనుకోవద్దు. కరెంటు ప్రవహించనప్పుడు ఒక్క పోగు మీద వేలాడుతున్న తీగ కూడా 12 చూపిస్తుంది. లైటు వెలుగుతూ ఉండగా కొలవాలి.

ఇంజిన్ ఆపి, హై బీమ్ వేసి, ఈ నాలుగూ రాసి పెట్టండి. బ్యాటరీ రెండు పోస్టుల మధ్య ఎంత? బల్బు వెనక కాంటాక్టుకీ బల్బు ఒంటికీ మధ్య ఎంత? బ్యాటరీ నెగటివ్ పోస్ట్ నుంచి బల్బు కాంటాక్ట్‌కి ఎంత? బల్బు ఒంటి నుంచి బ్యాటరీ పాజిటివ్ పోస్ట్‌కి ఎంత? మీది పాజిటివ్ ఎర్త్ కాబట్టి ఎర్త్ వైపు అంటే పాజిటివ్ పోస్ట్ అని గుర్తుంచుకోండి. మీటర్ మైనస్ గుర్తు చూపిస్తే కంగారు పడకండి, సంఖ్య చూడండి చాలు. మీటర్ మొన పోస్ట్ మీదే ఆనించండి, క్లాంప్ మీద కాదు. క్లాంప్‌కీ పోస్ట్‌కీ మధ్య కూడా వోల్టేజ్ పోవచ్చు.

పసుపుకాంతి
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. ఇంత కష్టం ఎందుకండీ? నెగటివ్ ఎర్త్‌కి మార్చి, ఆల్టర్నేటర్ పెట్టి, ఎల్ఈడీ బల్బులు వేసేస్తే ఒక్క రోజు పని.

డైనమో_ప్రియుడు
పసుపుకాంతి గారూ, మీ ఉద్దేశం మంచిదే, కానీ ఈ కారుకి లోటు డైనమోలో లేదు. లెక్క వేద్దాం. హై బీమ్ రెండూ కలిపి 84 వాట్లు, చిన్న లైట్లన్నీ కలిపి 30 వాట్ల చుట్టుపక్కల, అంటే 9.5 ఆంపియర్లు. ఇగ్నిషన్ కాయిల్‌కి ఇంకో 3, 4 వేసుకోండి. మొత్తం 13. ఆ కాలపు మైనర్ డైనమో 19 ఆంపియర్లు ఇస్తుంది, తర్వాత వచ్చినది 22. బండి నడుస్తుంటే సరిపోతుంది. ఐడిల్‌లో డైనమో పెద్దగా ఇవ్వదు, అది దాని స్వభావం.

ఇక ఎల్ఈడీ. మామూలు ఎల్ఈడీ బల్బు నెగటివ్ ఎర్త్‌కి చేసి ఉంటుంది, పాజిటివ్ ఎర్త్ కారులో పెడితే వెలగదు. వెలిగేది దొరికినా ఈ హెడ్‌లైట్ గిన్నె ఒకే చోట ఉండే సన్నటి ఫిలమెంట్ కోసం చేసింది. ఎల్ఈడీలో వెలుతురు పుట్టే చోటు మారితే బీమ్ చెదిరిపోయి ఎదుటివాళ్ళ కళ్ళలో పడుతుంది. టెయిల్ లైటుకి వేసుకుంటే వేసుకోండి, హెడ్‌లైట్‌కి మాత్రం నేను సమ్మతించను. పైగా ఎర్త్ లేని చోట ఏ బల్బు పెట్టినా ఎర్త్ లేనట్టే.

మైనర్59
కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.2.
కుడి బల్బు 9.6. సప్లై వైపు (నెగటివ్ పోస్ట్ నుంచి బల్బు దాకా) 1.3, ఎర్త్ వైపు 1.3 పోతున్నాయి.
ఎడమ బల్బు 10.3. సప్లై వైపు 1.2, ఎర్త్ వైపు 0.7.

రాగితీగ
భేష్. ఇంత చక్కటి లెక్క వస్తే మిగతాది సగం అయిపోయినట్టే. 12.2లోంచి 1.3, 1.3 తీస్తే సరిగ్గా 9.6. ఏదీ దాగలేదు.

ఫిలమెంట్ బల్బు వెలుతురు వోల్టేజ్‌తో సమానంగా తగ్గదు, చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజ్ 10 శాతం పడితే వెలుతురు 30 శాతం దాకా పోతుంది. మీ కుడి బల్బుకి పూర్తి వోల్టేజ్‌లో 79 శాతమే అందుతోంది, వెలుతురు సగం కూడా లేదు. పచ్చదనం కూడా అందుకే, ఫిలమెంట్ చాలినంత వేడెక్కడం లేదు.

ఎర్త్ వైపు ఎక్కడో మనకి తెలుసు, నల్ల తీగ బోల్టు కింద పెయింట్. సప్లై వైపు 1.3 ఎక్కడ పోతోందో పట్టుకోవాలి. మీటర్ ఒక మొన బ్యాటరీ నెగటివ్ మీదే ఉంచి, రెండోది ముందుకు జరుపుతూ రండి. కటౌట్ (డైనమో చార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె) మీది ఏ1 టెర్మినల్, లైట్ స్విచ్ లోపలికి వచ్చే తీగ, బయటికి వెళ్ళే తీగ, డిప్పర్ (హై బీమ్, లో బీమ్ మార్చే స్విచ్) లోపలికి, బయటికి, ముందున్న బుల్లెట్ కనెక్టర్లకి (తీగల కొసలు స్లీవ్‌లోకి తోసి కలిపే అతుకులు) అటూ ఇటూ. సంఖ్య ఎక్కడ గెంతితే దొంగ అక్కడే.

మైనర్59
ఏ1 దగ్గర 0.2. లైట్ స్విచ్ దాటాక 0.4. డిప్పర్ దాటాక ఒక్కసారిగా 1.0! మిగిలిన 0.3 బుల్లెట్ కనెక్టర్లలో పోతోంది. డిప్పర్ పాతదే, పైన శుభ్రం చేసి పెట్టాం.

స్పానర్12
అయితే హార్నెస్ తీగలో దోషం లేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. డిప్పర్ కాలి కింద ఉంటుంది అన్నా, బూట్ల నీళ్ళూ మట్టీ అన్నీ దానికే. పైన తుడిస్తే చాలదు. 0.6 వోల్టు అక్కడ పోతోందంటే దాదాపు 4 వాట్ల వేడి ఆ చిన్న స్విచ్‌లో పుడుతోంది. రాత్రి కాసేపు లైట్లు వేశాక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. విప్పదీసి కాంటాక్టులు సన్నటి ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా తుడవండి. స్ప్రింగ్ బలం పోతే మాత్రం కొత్తది వేయడమే.

బుల్లెట్లు కూడా. స్లీవ్‌లో వదులుగా కూర్చుంటే కొత్తవైనా పనికిరావు. తోస్తే టక్కుమని కూర్చోవాలి.

ఆరువోల్టులు
అందరికీ నమస్తే. నాది 1930 ఫోర్డ్ మోడల్ ఏ, అదీ పాజిటివ్ ఎర్తే, కానీ 6 వోల్టులు. ఈ చర్చ చూసి ఒక్క మాట. 6 వోల్టుల బండిలో అదే వాట్లకి రెట్టింపు కరెంటు పోతుంది. పైగా 12 వోల్టుల బండిలో 0.6 వోల్టు పోతే 5 శాతం, మాకు 10 శాతం. కాబట్టి 12 వోల్టుల కార్ల కోసం అమ్మే బ్యాటరీ కేబుల్ చూడ్డానికి లావుగా ఉన్నా మాకు చాలదు. కొత్త కేబుల్ వేశాక సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతోందంటే ముందు కేబుల్ మందం చూసుకోవాలి.

అన్నట్టు, మైనర్59 గారు బల్బులు మాడిపోతున్నాయన్నారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మా బండి జనరేటర్‌కి వోల్టేజ్ రెగ్యులేటర్ ఉండదు, మూడో బ్రష్ కరెంటుని అదుపు చేస్తుంది, వోల్టేజ్‌ని పట్టి ఉంచేది బ్యాటరీయే. బండి నడుస్తుండగా బ్యాటరీ క్లాంప్ వదులైతే బల్బులన్నీ ఒకేసారి పోతాయి. మీ మైనర్‌కి రెగ్యులేటర్ ఉంది కదా, అయినా ఎందుకు మాడుతున్నాయి?

డైనమో_ప్రియుడు
చాలా మంచి ప్రశ్న. 9.6 వోల్టులు అందే బల్బు మాడిపోకూడదు. మాడుతోందంటే ఇంజిన్ స్పీడులో ఉన్నప్పుడు ఇంకేదో జరుగుతోంది. మైనర్59 గారూ, లైట్లు ఆపి, ఇంజిన్ కాస్త రెయిజ్ చేసి బ్యాటరీ వోల్టేజ్ చెప్పండి. తర్వాత కటౌట్ మీద “ఇ” (ఎర్త్) అని ఉన్న టెర్మినల్‌కీ బ్యాటరీ పాజిటివ్ పోస్ట్‌కీ మధ్య కూడా కొలవండి.

మైనర్59
బ్యాటరీ దగ్గర 16.2 దాకా వెళ్తోంది. ఇ టెర్మినల్ దగ్గర 1.9 చూపిస్తోంది. అది సున్నా ఉండాలా?

డైనమో_ప్రియుడు
సున్నాకి దగ్గరగా ఉండాలి. దొరికింది.

కటౌట్ పెట్టెలో రెగ్యులేటర్ కాయిల్ వోల్టేజ్‌ని తూచేది ఇ టెర్మినల్ ఎర్త్‌ని ఆధారం చేసుకునే. ఆ ఎర్త్ దారిలో 1.9 వోల్టులు పోతే కాయిల్‌కి అంత తక్కువ కనిపిస్తుంది. అసలు వోల్టేజ్ 16 దాటినా దానికి 14 చిల్లరే అనిపిస్తుంది, డైనమోని తగ్గించదు. చీకట్లో బండి తీయడం మానేశారు కాబట్టి హెడ్‌లైట్లు బతికాయి. బాగా ఎర్త్ ఉన్న చిన్న బల్బులు, బ్రేక్ బల్బు మాడి ఉంటాయి, అవునా?

ఒక తీగతో ఇ టెర్మినల్‌ని నేరుగా పాజిటివ్ పోస్ట్‌కి కలిపి మళ్ళీ కొలవండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ మాత్రం ఊడదీయొద్దు. కటౌట్ మూత విప్పి స్క్రూలు తిప్పవద్దు. పాత మాన్యువల్‌లో 16 వోల్టుల చుట్టుపక్కల ఉండే సెట్టింగ్ చూసి చాలామంది తికమక పడతారు. అది బ్యాటరీని వేరు చేసి ఒక పద్ధతిలో కొలిచే సంఖ్య, బ్యాటరీ మీద కనిపించాల్సింది కాదు.

మైనర్59
అవును, మాడినవి కుడి బ్రేక్ బల్బు, పార్కింగ్ బల్బులే! తీగ కలపగానే 14.3కి దిగింది. రెయిజ్ చేసినా అక్కడే నిలబడుతోంది.

ఇప్పుడు నా బాధ ఒక్కటే. ఇన్నిచోట్ల పెయింట్ గీకాలంటే మనసు ఒప్పడం లేదు.

రాగితీగ
అర్థమవుతుంది. ఆ పెయింట్ వెనక ఎంత శ్రమ ఉంటుందో ఇక్కడ అందరికీ తెలుసు. కానీ బయటికి కనిపించే చోటు ఒక్కటీ గీకక్కర్లేదు. బానెట్ లోపల ఒక బోల్టు, డిక్కీ లోపల ఒక బోల్టు, వాషర్ పట్టేంత గుండ్రంగా లోహం తేల్చండి చాలు. ప్రతి లైటు హోల్డర్ నుంచి ఒక నల్ల తీగ తెచ్చి ఆ బోల్టుకి కలపండి. కటౌట్ ఇ తీగ కూడా ముందు బోల్టుకే. పళ్ళ వాషర్ వేసి బిగించి, పైన వాసెలిన్ పూస్తే తేమ చేరదు, తుప్పు రాదు.

స్పానర్12
నేను ఒప్పుకోను అన్నా. ఫ్యాక్టరీ అలా చేయలేదు. మడ్‌గార్డ్ బోల్టుల్లో ఒక్కోదాని కింద లోపలివైపు గీకి పళ్ళ వాషర్ వేస్తే అసలు పద్ధతిలోనే ఎర్త్ వస్తుంది, అదనపు తీగ అక్కర్లేదు.

రాగితీగ
రెండూ పనిచేస్తాయి. కానీ మడ్‌గార్డ్ బోల్టు చక్రం విసిరే నీళ్ళలో ఉంటుంది. అక్కడ గీకిన రేకే మొదట తుప్పు పట్టేది, అప్పుడు ఎర్తూ పోతుంది, రేకూ పోతుంది. నల్ల తీగ రేపు తీసేయాలన్నా ఒక మచ్చ మిగలదు. ఒరిజినాలిటీ మీద నాకూ గౌరవం ఉంది, అందుకే ఇది చెబుతున్నా.

పసుపుకాంతి
హెడ్‌లైట్లకి రిలేలు (స్విచ్ బదులు పెద్ద కరెంటుని మోసే విద్యుత్ స్విచ్‌లు) పెడితే? ఎల్ఈడీ వద్దన్నారు, సరే.

డైనమో_ప్రియుడు
రిలే మంచి ఆలోచనే. స్విచ్‌ల మీద భారం తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త. కొన్ని రిలేల లోపల కాయిల్‌కి అడ్డంగా డయోడ్ ఉంటుంది. పాజిటివ్ ఎర్త్ కారులో 85, 86 (కాయిల్ టెర్మినల్స్) మామూలుగా కలిపితే ఆ డయోడ్ షార్ట్ అవుతుంది. డయోడ్ లేనిది తీసుకోండి, లేదా ఆ రెండు తీగలూ మార్చి పెట్టండి.

ఇంకో సంగతి. ఈ కారులో హెడ్‌లైట్లకి ఫ్యూజే లేదు. రిలే పెట్టేటప్పుడు కుడికీ ఎడమకీ వేర్వేరు ఫ్యూజులు పెట్టండి, ఒకటి పోయినా రెండోది వెలగాలి. ఉన్న ఫ్యూజు పెట్టెలో కూడా ఏముందో చూడండి. పాత బ్రిటిష్ గాజు ఫ్యూజు మీద 35 అంటే 35 దగ్గర కరిగేది అని, నిలకడగా మోసేది 17. ఇప్పటి ఫ్యూజుల మీద చాలావాటికి నిలకడగా మోసే సంఖ్యే రాస్తారు. 35 అని చూసి కొత్తది 35 పెడితే ఫ్యూజు కరగకముందే తీగ పొగ వస్తుంది.

మైనర్59
పని అయింది. ముందొకటి వెనకొకటి ఎర్త్ బోల్టులు, అన్ని హోల్డర్లకీ నల్ల తీగలు. డిప్పర్ విప్పి చూస్తే కాంటాక్టులు నల్లగా మాడి ఉన్నాయి, తుడిచాను. వదులుగా ఉన్న బుల్లెట్ స్లీవ్‌లు మార్చాను. పెట్టెలో నిజంగానే కొత్త రకం 35 ఫ్యూజు ఉంది, 17 వేశాను.

ఇంజిన్ ఆపి, బ్యాటరీ దగ్గర 12.2 ఉండగా బల్బులు రెండూ 11.4. ఎర్త్ వైపు 0.1, సప్లై వైపు 0.7. వెనక రెండువైపులా బ్రేక్ సమానం. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ 14.3. పచ్చదనం పోయి తెల్లగా వస్తోంది. అందరికీ ఎంతో ధన్యవాదాలు. రిలేలు ప్రస్తుతానికి పెట్టడం లేదు, స్విచ్‌లు ఒరిజినల్‌గానే పనిచేయాలని ఉంది.

ఒక్క సందేహం. ఇప్పుడు హై బీమ్ చెట్ల కొమ్మల మీద పడుతోంది.

రాగితీగ
బీమ్ ముందు నుంచీ అక్కడే ఉంది, ఇప్పటిదాకా కనబడలేదంతే. టైర్లలో గాలి సరిచూసి, చదునైన నేల మీద గోడకి 25 అడుగుల దూరంలో పెట్టండి. హెడ్‌లైట్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తుందో గోడ మీద అదే ఎత్తులో గీత గీయండి. ఒక లైటుకి గుడ్డ కప్పి రెండోది సర్దండి. హై బీమ్ ప్రకాశవంతమైన మచ్చ గీతకి కొంచెం కింద, నేరుగా ముందుకి ఉండాలి. రిమ్ తీస్తే పైన స్క్రూ ఎత్తుకి, పక్కది అటూ ఇటూ.

ఆరువోల్టులు
ఇంకోటి మర్చిపోవద్దు. ఆ బ్యాటరీ ఇంతకాలం 16 వోల్టుల మీద నడిచింది. మూతలు తీసి నీళ్ళు చూడండి.

మైనర్59
చూశాను. రెండు గదుల్లో ప్లేట్లు పైకి తేలి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ ప్లేట్లు మునిగేదాకా పోసి మెల్లగా చార్జింగ్‌కి పెట్టాను. సాయంత్రం గోడ దగ్గర పెట్టి బీమ్ సర్దుతాను.